అద్దం మీద చుక్క

నాగభూషణం గారి మనసులో ఏళ్ళ తరబడి ఒక సందేహం కాపురం ఉంటోంది. ఆనాడు బ్యాటరీల కొట్టు వీర్రాజు ఇచ్చిన డిస్టిల్డ్ వాటర్ మంచిదా, కాదా? భార్య కనకవల్లిని తీసుకుపోయింది ఆవిడ జబ్బా, ఆ నీళ్ళా? పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని ఆచమనానికి అరచేతిలో నీళ్ళు పోసుకుంటే, ఆ కాసిన్ని నీళ్ళలోనూ అదే ప్రశ్న తేలేది. దేవుణ్ణే అడిగి చూశారు. ఇలాంటివాటికి ఆయన వెంటనే జవాబు చెప్పడు. చెప్పిన రోజున, ఎందుకడిగామా అనిపిస్తుంది.

నాగభూషణం గారు రాజమండ్రి దగ్గర కరెంటు సబ్‌స్టేషనులో బ్యాటరీ గది చూసుకుంటూ రిటైరయ్యారు. గది నిండా గాజు తొట్లలాంటి బ్యాటరీలు. వాటిలో నీళ్ళు తగ్గితే తగ్గినంత పోయాలి. కుళాయి నీళ్ళు పనికిరావు, బావి నీళ్ళు పనికిరావు. ఆవిరై పైకి లేచి, చల్లబడి మళ్ళీ నీరైనదే పొయ్యాలి. అందులో ఉప్పు ఉండదు, సున్నం ఉండదు, రుచి కూడా ఉండదు. జీవితమంతా ఆ నీళ్ళతో గడిపిన మనిషికి, చివరికి ఇంట్లోనూ వాటితోనే పని పడింది.

కనకవల్లికి ఊపిరితిత్తులు బిరుసెక్కాయి. మంచం పక్కకు ఆక్సిజన్ యంత్రం వచ్చింది. యంత్రం నుంచి వచ్చే గాలి పొడిగా ఉంటుంది, ముక్కు లోపల పగులుతుంది. అందుకని ఆ గాలిని ఒక బుడగల సీసాలోంచి పంపిస్తారు. సీసాలో డిస్టిల్డ్ వాటర్. బుడబుడమంటూ గాలి అందులో తడిసి గొట్టంలోకి పోయేది.

"ఏవండీ, ఇవి ఏ నది నీళ్ళు?" అని కనకవల్లి మొదటిరోజే అడిగింది.

"ఏ నదీ కాదు కనకం. డిస్టిల్డ్ వాటరు."

"అదే, ఎక్కడివి?"

"వీర్రాజు కొట్లోవి."

"వీర్రాజు కొట్టు నది కాదు కదండీ. స్నానం చేస్తే గంగనీ గోదారినీ తలుచుకుంటాం. వీటిని పీల్చేటప్పుడు ఎవర్ని తలుచుకోను? ఊరూ పేరూ లేని నీళ్ళు." అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. తరవాత నవ్వడం తగ్గించుకుంది.

వీర్రాజుది బజారు మలుపులో బ్యాటరీల కొట్టు. శనివారం భజనలో నాగభూషణం గారు పాడితే వీర్రాజు హార్మోనియం పట్టేవాడు. అతని గల్లాపెట్టె మీద ఎప్పుడూ ఒక అద్దం ముక్క ఉండేది. కొత్త క్యాను విప్పితే కొనేవాడి ఎదుటే ఒక చుక్క ఆ అద్దం మీద వేసి, ఎండ పడే మెట్టు మీద పెట్టేవాడు.

"ఆరాక మచ్చ ఉందనుకోండి, నీళ్ళు నా మొహాన కొట్టండి. మచ్చ లేదనుకోండి, మీ మొహం మీరు చూసుకుని ఎల్లండి," అనేవాడు.

కూతురు వైజయంతి చిన్నప్పుడు తండ్రి వెంట వెళ్ళి, మెట్టు మీద గొంతుక్కూర్చుని ఆ చుక్క ఆరేదాకా కదిలేది కాదు. కుళాయి నీటి చుక్క ఆరితే తెల్లటి సున్నాలాంటి మచ్చ మిగిలేది. వీర్రాజు చుక్క ఆరితే ఏమీ మిగిలేది కాదు. "ఏమీ లేకపోవడాన్ని కూడా చూడొచ్చా నాన్నా?" అని అడిగింది ఒకసారి.

ఒక సాయంత్రం క్యాను అడుగంటింది. కొట్లో సరుకు రాలేదు. భజన మందిరం ఇన్వర్టరు కోసం దాచిన క్యాను ఒకటి ఉంటే, వీర్రాజు దాన్నే సైకిలు మీద పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"డబ్బులు ఒద్దండి, ఇది కొట్టు సరుకు కాదు, సామి సరుకు. నీళ్ళకి నీళ్ళే తిరిగిచ్చేద్దురు గాని, ఆయ్. ముందు అమ్మగారి సంగతి చూడండి."

"తప్పకుండా ఇస్తాను వీర్రాజూ. స్వామి బాకీ ఉంచుకోకూడదు."

ఇవ్వలేదు. ఆ క్యాను సగం కాకుండానే కనకవల్లికి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు తల వంచుకుని, "ఇది నీళ్ళలో పెరిగే సూక్ష్మజీవండీ. గాలితో పాటు లోపలికి పోయింది. యంత్రంలో ఎక్కడి నీళ్ళు పోశారు?" అని అడిగాడు. అప్పటికే ఆవిడ కళ్ళు తెరవడం మానేసింది.

నాగభూషణం గారు వీర్రాజుని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో, అతను ఎదురు మాట్లాడేవాడు. మలుపులో కొట్టు తగలకుండా వెనక సందులోంచి తిరిగి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. శనివారాలు మోకాళ్ళ నొప్పులన్నారు. వీర్రాజు గుమ్మం దాకా ఒకసారి వచ్చి, లోపలికి పిలవకపోతే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. సగం క్యానుకీ, బుడగల సీసాకీ మూతలు బిగించి, లక్క కరిగించి సీలు వేసి, నాగభూషణం గారు బీరువా పైన పెట్టారు. ఎందుకో ఆయనకే తెలియదు. పారబోయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

* * *

వైజయంతి పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. విశాఖపట్నంలో పరిశోధనలో చేరింది. వయసంతా ఒక యంత్రం మీద పెట్టింది. అది చివరికి కుట్టు మిషనంత తయారైంది. దానికి 'ఆనవాలు' అని పేరు పెట్టుకుంది. అంగట్లో కొన్న సీసాలోంచి ఒక్క చుక్క తీసి అందులోని అద్దం మీద వేస్తే చాలు, నీళ్ళలో ఏమేం ఉన్నాయో చెబుతుంది. అంతవరకు చెప్పే యంత్రాలు ముందూ ఉన్నాయి. ఇది ఏది ఎప్పుడు వచ్చి చేరిందో కూడా చెబుతుంది.

"నీళ్ళలో పడింది ఏదైనా పడ్డ క్షణం నుంచీ అరగడం మొదలుపెడుతుంది నాన్నా. ఎంత అరిగిందో చూస్తే ఎన్నాళ్ళ కిందట పడిందో తెలుస్తుంది. సీలు వెయ్యక ముందు పడిందా, విప్పాక పడిందా అన్నది ఇక దాగదు," అంది ఫోనులో. తరవాత, "ఆ రెండూ తీసుకురా నాన్నా," అంది.

అంటే బీరువా మీదవి. ఆయన రేపూ మాపూ అంటూ చాలాకాలం దాటేశారు. ఒక ఏకాదశి నాడు పూజ ముగించి, రెండింటినీ తుండుగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని రైలెక్కారు.

ఎదుటి సీటులో ఒక పెద్దావిడ మూటలోంచి లక్క సీలు చూసింది. "కాశీ వెళ్ళొస్తున్నారాండీ?"

"లేదమ్మా."

"గంగ కాదూ మరి? సీలు వేశారుగా! నాకో చుక్క పొయ్యండి, పుణ్యం ఉంటుంది."

"ఇది గంగ కాదమ్మా, తీర్థం కాదు. ఉత్త నీళ్ళు."

"ఉత్త నీళ్ళని ఇంత భద్రంగా ఒళ్ళో పెట్టుకుంటారేంటండీ, చోద్యం!" అని ఆవిడ నవ్వి, తన సంచిలోంచి జంతికలు తీసి పెట్టింది. ఆయన తినలేకపోయారు.

ప్రయోగశాలలో ముందు క్యాను విప్పారు. వైజయంతి సన్నటి గొట్టంతో ఒక చుక్క తీసి యంత్రం అద్దం మీద వదిలింది. చుక్క ఆరింది. కాంతి దాని మీదుగా పాకింది. తెర మీద ఒక గీత వచ్చింది. తిన్నగా, కొస నుంచి కొసకి, ఎక్కడా వంకర లేకుండా.

"ఏమిటమ్మా?"

"ఏమీ లేదు."

"యంత్రం పని చేయట్లేదా?"

"చేస్తోంది. నీళ్ళలోనే ఏమీ లేదు."

ఇంకో చుక్క వేసింది. మరొకటి వేసింది. ప్రతిసారీ అదే గీత. నాలుగోసారి ఆమె గొట్టాన్ని బల్ల మీద పడేసింది. "ఏదో ఒకటి ఉండాలి నాన్నా. కుళాయి నీళ్ళయినా కలిపి ఉండాలి. క్యానైనా సరిగ్గా కడిగి ఉండకూడదు. ఎన్నేళ్ళు... నేను ఆ వీర్రాజు తప్పు పట్టుకోవడం కోసమే కదా ఇదంతా..." అని ఆగిపోయింది. కొట్టు మెట్టు మీద గొంతుక్కూర్చున్న పిల్లే మళ్ళీ కనిపించింది నాగభూషణం గారికి. కాకపోతే అప్పుడు ఏమీ మిగలకపోతే చప్పట్లు కొట్టేది.

తరవాత బుడగల సీసా. దాని లక్క విప్పుతుంటే ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నారు.

ఈసారి తెర మీద గీత కాదు, పూతరేకుల్లా పొరలు వచ్చాయి. ఒకదాని మీద ఒకటి. పొరకీ పొరకీ మధ్య ఒకే ఎడం, రోజు పొడుగంత. ప్రతి పొరలోనూ అవే అవే. వైజయంతి ఒక్కొక్కటే చదివింది. సన్నటి ఒండ్రు. పారే నీళ్ళలో బతికే జీవాలు. ఏదో ఆకు పసరు. కర్పూరంలాంటిది. యాలకులు.

చదువుతూ చదువుతూ ఆమె తండ్రి వైపు చూసింది. తెరకి చెయ్యి అడ్డం పెట్టింది.

"తియ్యమ్మా చెయ్యి," అన్నారు నాగభూషణం గారు.

"నాన్నా, ఇవాళ్టికి చాలు. అన్నం తిని..."

"గోదావరి, తులసి, పచ్చకర్పూరం, యాలకులు. రోజూ పొద్దున్న నేనే కలుపుతాను. నాకు తెలియదా? ఇంకా ఏమున్నాయి?"

ఇంకా మనిషి చర్మపు పొట్టు ఉంది. ఇద్దరిది. ఆమె ఆయన వేలు తుడిచి యంత్రానికి ఇచ్చింది. ఒకటి ఆయనదే, తులసి తుంచి వేసిన వేళ్ళది. రెండోదాన్ని యంత్రం పోల్చుకోలేదు. వైజయంతి తన వేలు తుడిచి ఇచ్చింది. సగం కలిసింది. బిడ్డతో సగం కలిసేది ఇద్దరే. ఒకరు ఎదురుగా కూర్చున్నారు.

"అమ్మ అరచెయ్యి," అంది వైజయంతి.

* * *

అప్పుడు ఆయనకి అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి.

చివరి వారాల్లో కనకవల్లికి మింగుడు పడేది కాదు. గొంతులోంచి నీళ్ళు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయని, నోటితో చుక్క కూడా ఇవ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన అన్నీ మానేశారు. తీర్థం మాత్రం మానలేదు. తీర్థం నీళ్ళ లెక్కలోకి రాదనుకున్నారు. పొద్దున్నే రేవులో మునిగి, చెంబుతో గోదావరి తెచ్చి, స్వామికి అభిషేకం చేసి, ఆవిడ అరచేతిలో ఒక్క ఉద్ధరిణి పోసేవారు. అకాల మరణం రాకుండా చూడమని మంత్రం చెప్పి మరీ పోసేవారు. ఆవిడ కళ్ళకద్దుకునేది. ఆయన హారతి వెలిగించడానికి వెనక్కి తిరిగేవారు.

ఆవిడ మింగలేదు. కింద పారబోయకూడదు, తీర్థం నేల మీద పడితే దోషం. తల మీద జల్లుకుందామంటే ముక్కు దగ్గర గొట్టాలు, చెంపల మీద ప్లాస్టర్లు. వద్దని చెబితే ఆయన నొచ్చుకుంటారు. చెయ్యి చాపితే అందేది మంచం పక్కన బుడగల సీసా. దాని పైన నీళ్ళు పోయడానికి చిన్న మూత ఉంది. తీర్థం వృథా కాదు, ఆయన మనసూ విరగదు. గాలితో పాటు తనకే అందుతుంది కూడా.

"ఏవండీ, ఇవాళ గాలి తులసి వాసన వేస్తోంది," అంది ఒకరోజు. ఆయన ఒళ్ళు పులకరించింది. స్వామి వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడని భజనలో అందరికీ చెప్పుకున్నారు.

ఇంకోరోజు కళ్ళతోనే సీసా వైపు చూపించి, "మీ నీళ్ళకి పేరొచ్చిందండీ," అంది. ఆయనకి అర్థం కాలేదు. మగతలో ఏదో అంటోందనుకుని దుప్పటి సర్దారు.

ఇక రెండో సంగతి. ఆ సీసాని రోజూ పారబోసి, కడిగి, కొత్త నీళ్ళు పోయాలి. యంత్రం తెచ్చినవాడు చెప్పే ఉంటాడు. కానీ బ్యాటరీలో నీళ్ళు ఎవరూ పారబోయరు. తగ్గినంత పోస్తారు. ఉద్యోగం పొడుగునా ఆయన చేతికి అదే అలవాటు. సాయంత్రం కాగానే గీత దాకా ఎంత తగ్గిందో అంత, చుక్క తొణక్కుండా పోసేవారు. ఎంత శ్రద్ధగా పోసేవారో! ఆ శ్రద్ధలోనే, మంచి నీళ్ళ అడుగున నిన్నటి గోదావరి, మొన్నటి గోదావరి అలాగే ఉండిపోయి, వెచ్చగా, పెరిగింది.

"తీర్థం వల్ల పోయిందంటావా?" అని అడిగారు నాగభూషణం గారు.

"తీర్థం వల్ల కాదు నాన్నా. నదిలో ఎప్పుడూ ఉండే జీవం అది. నువ్వు తాగావు, నేను తాగాను, మనకేం కాలేదు. అమ్మ ఊపిరితిత్తులు తట్టుకోలేకపోయాయి. ఎప్పుడో ఒకప్పుడు..." పెద్ద చదువు చదువుకున్న పిల్ల కూడా అక్కడ ఆగిపోయింది.

"నేను ఇచ్చాను. మీ అమ్మ నా మీద ప్రేమకొద్దీ సీసాలో పోసుకుంది. మధ్యలో స్వామి చూస్తూనే ఉన్నాడు కదమ్మా. ఒక్కసారి నేను వెనక్కి తిరిగి చూసేలా చేస్తే ఆయన సొమ్మేం పోయేది?"

దానికి యంత్రంలో జవాబు లేదు. వైజయంతి లేచి వచ్చి తండ్రి భుజం మీద తల పెట్టింది. బయట కారిడార్లో ఎవరో టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

మర్నాడు ఆమె ఎర్రబడ్డ కళ్ళతో అంది: "ఈ యంత్రం ప్రతి కొట్లోనూ పెట్టాలని అడుగుతున్నారు నాన్నా. మంచివా కాదా అన్నంతవరకే చెప్పేలా చేసి, ఎప్పుడు అన్నది తీసేద్దామనుకుంటున్నాను. ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉంటాయో! ఎవరో కొట్టువాడి తప్పనుకుని బతికేస్తున్నవాళ్ళని మనం ఎందుకు లేపాలి?"

ఆయనకి ఆ మాట తియ్యగానే తోచింది. నిన్నటిదాకా తనూ అలా బతికినవాడే. సందేహం ముల్లే అయినా, దాని నీడలో కూర్చోవచ్చు. అయినా తల అడ్డంగా ఊపారు.

"తియ్యొద్దమ్మా. వీర్రాజు ఉన్నాడుగా. ప్రతి ఇంటికీ ఒక వీర్రాజు ఉంటాడు."

వెళ్ళేటప్పుడు బుడగల సీసా ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని ఆమె వైపే జరిపారు. "నీ దగ్గరే ఉండనీ. అందులో మీ అమ్మ చెయ్యి ఉంది."

* * *

ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు ఆయన ఆచమనం చేయలేకపోయారు. నీళ్ళు అరచేతిలోకి రాగానే వేళ్ళు విడిపోయేవి. దీపం వెలిగించి, ఊరికే కూర్చుని లేచేవారు. దేవుడూ ఊరికే చూస్తూ కూర్చునేవాడు. ఒక ఉదయం మాత్రం రేవులో మునిగి చెంబుతో నీళ్ళు తెచ్చారు, పూజకి కాదు. కుక్కరు మూత మీద విజిల్ తీసేసి, అక్కడ రాగి గొట్టం బిగించి, గొట్టాన్ని ఐసు వేసిన బక్కెట్లో ముంచి, కొస కింద కడిగి ఆరబెట్టిన కొత్త క్యాను పెట్టారు. గోదావరి ఆవిరై చుక్కచుక్కగా దిగింది. పొరుగు సుందరమ్మ గారు గోడ మీంచి తొంగి చూసి, "బాబాయిగారూ, కుక్కర్లో ఏం కాస్తున్నారండీ, ఎక్సైజువాళ్ళు గానీ చూశారంటే!" అంది.

"సుబ్బరంగా చూడమనమ్మా. నీళ్ళే," అన్నారు.

ఆవిరైనా గోదారి గోదారేనా? పేరు కింద ఒండ్రులో ఉండిపోతుందా, పైకి కూడా వస్తుందా? కనకం ఉంటే అడిగేది. క్యాను నిండడానికి కొన్ని రోజులు పట్టింది.

వీర్రాజు కొట్టు సగానికి చిక్కిపోయింది. ఇప్పటి బ్యాటరీలకి నీళ్ళు అక్కర్లేదు. అతను జుట్టంతా తెల్లబడి, బల్ల వెనక కూర్చుని పాత ఫ్యానొకటి విప్పుతున్నాడు. మెట్టు మీద నీడ పడితే తలెత్తాడు. స్క్రూడ్రైవరు చేతిలోంచి జారింది.

"నాగభూషణం గారు! మీరేటండీ ఇటు... రండి, రండి. కూకోండి."

ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పారు. యంత్రం సంగతి, తిన్నటి గీత సంగతి, బుడగల సీసాలో పొరల సంగతి, ఏదీ దాచకుండా. వీర్రాజు వింటూ వింటూ పైమీద కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నా నీళ్ళు మంచియేనా అండీ?" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

"ఒక్క మచ్చ లేదు వీర్రాజూ."

"ఆ రోజు క్యాను సరిగ్గా కడిగేనో లేదో నాకు గురుతు రాలేదండి. ఇన్నేళ్ళూ రాలేదు. మీరు మాటాడకపోతే నేనే ఏదో సేసేననుకున్నాను. ఆ తరవాత నీళ్ళు అమ్మడం మానేసేనండి. ఎవరింట్లో ఎవరున్నారో, ఎందుకొచ్చిందని. మందిరంలో హార్మోనియం ముట్టుకుంటే అమ్మగారు అగుపించేవారు."

నాగభూషణం గారు రెండు చేతులూ జోడించబోయారు. వీర్రాజు బల్ల దాటి వచ్చి ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశాడు. "ఒద్దండి బాబూ. నా బరువు దిగింది, మీకెక్కింది. ఎక్కువ నష్టం మీదేనండి."

నాగభూషణం గారు తెచ్చిన క్యాను ఎత్తి బల్ల మీద పెట్టారు. "నీళ్ళకి నీళ్ళు ఇమ్మన్నావు. స్వామి బాకీ."

వీర్రాజు కళ్ళు తుడుచుకుని సొరుగు లాగాడు. అడుగున, తుప్పు పట్టిన నట్ల కింద, ఆ అద్దం ముక్క ఇంకా ఉంది. కండువాతో తుడిచాడు. క్యాను మూత విప్పి, వేలికొసతో కాదు, పాత పద్ధతిలో చీపురుపుల్లతో ఒక్క చుక్క తీసి అద్దం మీద వదిలాడు. ఎండ పడే మెట్టు మీద పెట్టాడు.

"మీ నీళ్ళైనా సరే, సూసే తీసుకుంటానండి, ఆయ్," అన్నాడు.

"చూసే తీసుకో," అన్నారాయన, మెట్టు మీద కూర్చుంటూ.

ఇద్దరూ దాని పక్కనే కూర్చున్నారు. చుక్క అంచుల నుంచి లోపలికి మెల్లగా చిన్నదైంది. ఆవగింజంత అయింది, పోయింది. వీర్రాజు వంగి చూశాడు. తరవాత నాగభూషణం గారు వంగి చూశారు. అద్దంలో రెండు ముసలి ముఖాలు తప్ప ఇంకేమీ లేదు.

"సరిపోయిందండి," అని వీర్రాజు క్యాను చంకనెత్తుకుని, కొట్టు తలుపు దగ్గరికి లాగి, మందిరం వైపు నడిచాడు.